బైనాక్యులర్‌కు పట్టీ, కేస్ ఎలా ఎంచుకోవాలి: నేలపట్టు మెట్ల మీద నేర్చుకున్న పాఠం

నేలపట్టు పక్షుల కేంద్రంలో వాచ్ టవర్ మెట్లు ఎక్కుతుండగా నా బైనాక్యులర్ మెడలోంచి జారి, రెండు మెట్లు దొర్లి, మూడో మెట్టు మీద ఆగింది. పట్టీ తెగిందేమోనని చూశాను. పట్టీ శుభ్రంగా ఉంది. బకిల్‌లోంచి దాని కొస ఊడొచ్చింది, అంతే. కొన్నచోట అబ్బాయి హడావిడిగా ఒక్క చుట్టు తిప్పి ఇచ్చాడు. కొత్త వస్తువు మోజులో నేను లాగి కూడా చూడలేదు.

అద్దాల మీద గీత పడలేదని సంతోషపడి పైకెక్కి చూస్తే, గూటి మీదున్న ఒక్క గూడబాతు (పెలికాన్) రెండుగా కనిపించింది. లోపలి ప్రిజమ్, అంటే వెలుగును మళ్లించే గాజు దిమ్మ, కాస్త పక్కకు జరిగినా అలాగే అవుతుంది. రెండు గొట్టాలూ ఒకే చోటికి చూడవు, కాసేపటికే తలనొప్పి మొదలవుతుంది. ఇంట్లో స్క్రూడ్రైవర్ పట్టుకుని సరిచేసుకునే పని కాదు. రిపేరుకు చెన్నై పంపి, ఆ సీజనంతా పక్కవాళ్లను అడుక్కుని చూశాను.

కొనేటప్పుడు పవరెంత, కంపెనీ ఏది, రేటెంత అని వారం రోజులు ఆరా తీస్తాం. పట్టీ, కేస్ సంగతి మాత్రం డబ్బాలో ఏదొస్తే అదే. అసలు ఈ రెండింటి పనులు వేరు. పట్టీ పక్షిని చూసేటప్పటికి, కేస్ దారికి. చూసే చోట బైనాక్యులర్ కేస్‌లో ఉంటే మీరు మూత తీసేలోపు లకుముకి పిట్ట వెళ్లిపోతుంది. దారిలో మెడకు వేలాడుతుంటే బండి హ్యాండిల్‌కు కొట్టుకుంటుంది. అందుకని రెండూ విడివిడిగా ఆలోచించండి. అందులోనూ ముందు పట్టీ, తర్వాతే కేస్.

మొదట మీ దారి చూసుకోండి

మన నెల్లూరు వైపు పక్షుల సీజనూ వానల సీజనూ ఒకటే. ఈశాన్య రుతుపవనాలతో అక్టోబర్ నుంచి చెరువులు నిండటం మొదలైతే నేలపట్టుకు గూడబాతులు, నత్తగుల్ల కొంగలు చేరతాయి. చలికాలం ముదిరేసరికి పులికాట్‌లో ఫ్లెమింగోలు దిగుతాయి. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు నేలపట్టు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాకు పోయాయి. కాగితం మీద పోయాయి గానీ, ఆదివారం తెల్లారేసరికి నెల్లూరు బండ్లు ఇప్పటికీ అటే తిరుగుతాయి.

మీరు ఎక్కువగా ఎలా వెళ్తారో దాన్నిబట్టే మిగతాదంతా. బండి మీదైతే అసలు శత్రువు అదురు. పెట్రోలు ట్యాంకు మీది సంచిలోనో, పక్క డబ్బాలోనో వేస్తే దారి పొడుగునా అదురుతూనే ఉంటుంది. వీపు బ్యాగులో మధ్యన, తువ్వాలు చుట్టి పెడితే మీ ఒళ్లే స్ప్రింగులా పనిచేస్తుంది. కారులోనైతే వేడి. డాష్‌బోర్డు మీద ఎండలో వదిలితే కేస్ లోపలి జిగురు కరిగి ఫోమ్ ఊడొస్తుంది. కళ్లు పెట్టుకునే వైపు సూర్యుడికి తిరిగి ఉంటే ఎండ లోపలికి గుచ్చి కాల్చేస్తుంది కూడా. మైపాడు, కొత్తపట్నం లాంటి బీచ్‌ల దగ్గరా, రొయ్యల గుంటల గట్ల మీదా ఉప్పు గాలి. అక్కడ ఇనుప జిప్పు, ఇనుప కొక్కెం ఎక్కువ కాలం నిలవవు. సోమశిలకో, పెంచలకోనకో బస్సులో పోయేవాళ్లకు వీటికన్నా జనం ఒత్తిడే పెద్ద బాధ. వాళ్లకు కాస్త గట్టి కేస్ కావాలి.

తూకం, కొలత

బైనాక్యులర్ మీద 8×42 అని ఉంటే, ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుందని, ముందు అద్దం 42 మిల్లీమీటర్లని అర్థం. మనవాళ్ల దగ్గర ఎక్కువగా కనిపించేవి 8×42, 10×42, పాతకాలపు 10×50. మొదటి రెండు చాలావరకు 600 నుంచి 800 గ్రాముల మధ్య ఉంటాయి. 10×50 ఇంకా బరువు. జేబులో పట్టే 8×25 దాదాపు 300 గ్రాములు. డబ్బా మీది అంకె నమ్మొద్దు, వంటింటి కాటా మీద పెట్టి చూడండి. కాటా లేకపోతే వీధి చివర కిరాణా కొట్టుంది.

తర్వాత కొలత. కళ్ల దగ్గరి రబ్బరు కప్పులు కిందికి దించి, మూతలన్నీ పెట్టి, రెండు గొట్టాలూ దగ్గరికి ముడిచి, పొడవు, వెడల్పు, మందం మూడూ రాసుకోండి. ఇప్పుడు కేస్ కొనేయాలనిపిస్తుంది. ఆగండి, పట్టీ తేలలేదు.

పట్టీ

డబ్బాలో వచ్చే సన్నటి నైలాన్ పట్టీతో 700 గ్రాములు మెడలో వేసుకుని రెండు గంటలు నిలబడితే మెడ మీద ఎర్రటి గాడి పడుతుంది. బరువు అంతే, కోసే జాగా సన్నం. మెడ మీద ఆనే భాగం నాలుగైదు సెంటీమీటర్ల వెడల్పుంటే అదే బరువు పరుచుకుంటుంది.

అందరూ కొనేది నియోప్రీన్ అనే రబ్బరు స్పాంజి పట్టీ. మెత్తగా సాగుతుంది, వేసుకున్న మొదటి అయిదు నిమిషాలు భలే ఉంటుంది. కానీ బాగా సాగేదైతే నడుస్తుంటే బైనాక్యులర్ పైకీ కిందికీ ఎగురుతుంది, అడుగడుక్కీ రొమ్ము మీద తడుతుంది. రెండోది, దానికి గాలి ఆడదు. రోహిణి కార్తెలో కాదు, ఫిబ్రవరి చివర్లోనే మన ఎండకు మెడంతా చెమటకాయలు లేస్తాయి. మెడను తాకే వైపు నూలు గుడ్డగానీ జాలీ గుడ్డగానీ వేసినది, తక్కువ సాగేది చూడండి. దుకాణంలో పట్టీని రెండు చేతులా లాగి చూస్తే తెలిసిపోతుంది. గుప్పెడంత సాగితే పక్కన పెట్టేయండి.

హార్నెస్ అని ఇంకోటుంది. రెండు భుజాల మీంచి పోయి వీపు మీద ఇంటూ గుర్తులా కలుస్తుంది. బరువు మెడ మీద కాకుండా భుజాల మీద పడుతుంది. వంగినా బైనాక్యులర్ ముందుకు ఊగదు. మెడనొప్పి ఉన్నవాళ్లకు, రోజంతా నడిచేవాళ్లకు దీన్ని మించింది లేదు. చిక్కల్లా ఒక్కటే, ఎవరికైనా ఇవ్వాలంటే ఇవ్వలేం. శ్రీహరికోట రోడ్డు మీద ఫ్లెమింగోలు చూస్తుంటే బస్సు దిగిన పిలకాయలు నలుగురు చుట్టూ చేరారు. "అన్నా, ఒక్కసారి." హార్నెస్ విప్పాలంటే ముందు వీపు మీది బ్యాగు దించాలి. చివరికి ఒక్కొక్కణ్ణి నా గుండెకు ఆనించుకుని, నేను మోకాళ్ల మీద కూర్చుని, వాళ్లను చూడనిచ్చాను. నలుగురూ చూసేసరికి చొక్కా నిండా వాళ్ల తల నూనె. అప్పటినుంచి నొక్కితే ఊడే ప్లాస్టిక్ క్లిప్పులున్న హార్నెస్సే కొనమని చెప్తున్నాను. క్లిప్పుకు గట్టి ప్లాస్టిక్ ఉండాలి. వేలితో పది సార్లు పెట్టి తీసి చూడండి, ప్రతిసారీ టక్కుమని ఒకే శబ్దం రావాలి.

హార్నెస్ అందరికీ నప్పదు. మా ఆవిడ చేతికిస్తే అటూ ఇటూ తిప్పి, "దీన్ని తొడుక్కోవాలా, కట్టుకోవాలా?" అంది. చీర పైటకూ, చున్నీకీ, దానికీ అస్సలు పొత్తు కుదరదు. ఆమె ఒక పొడవాటి పట్టీని ఒక భుజం మీంచి అడ్డంగా వేసుకుంటుంది. బైనాక్యులర్ నడుం పక్కన ఉంటుంది, ఎత్తితే పట్టీ వెంట జారుతూ కళ్ల దగ్గరికి వస్తుంది. ఇలా వేసుకునేవాళ్లకు సాగని, నున్నటి పట్టీ కావాలి. నియోప్రీన్ అయితే బట్టను పట్టుకుని లాగుతుంది. 8×25 లాంటి చిన్నదానికైతే మణికట్టు తాడు చాలు, ఇదంతా అక్కర్లేదు.

పట్టీ ఎక్కించడం

నా బైనాక్యులర్ పడింది ఇక్కడే కాబట్టి, ఇది కాస్త నిదానంగా చదవండి.

మంచం మీద దుప్పటి పరిచి కూర్చోండి. కళ్ల వైపు పెట్టే వాన మూత ఉంటే ముందు దాని చెవిలోంచి పట్టీ కొస దూర్చుకోండి. ఇది మర్చిపోతే అంతా అయ్యాక మళ్లీ విప్పాలి. వాన మూతను ఎడమ వైపు మాత్రమే పట్టీకి తగిలిస్తే, బైనాక్యులర్ ఎత్తగానే అది పక్కకు వాలిపోతుంది. రెండు వైపులా తగిలిస్తే కళ్లకు అడ్డం పడుతుంది.

ఇప్పుడు బైనాక్యులర్ పక్కన ఉండే చెవిలోంచి, అంటే పట్టీ తగిలించే సన్నటి కన్నంలోంచి, కొసను బయటికి లాగండి. చాలావాటికి ఈ కన్నంలో సెంటీమీటరు వెడల్పు పట్టీ పడుతుంది. పట్టీ కొస లావుగా ఉండి పట్టకపోతే కీచైన్ రింగు వేసి సర్దుకునేవాళ్లున్నారు. ఆ రింగు బైనాక్యులర్ రబ్బరును గీకుతుంది, నడుస్తుంటే గలగలమంటుంది. అలా సర్దుకోకండి.

చెవి దాటిన కొసను మడిచి, పట్టీ మీదుండే చిన్న ఉంగరంలోంచి పోనివ్వండి. తర్వాత బకిల్. అందులో అప్పటికే ఒక పొర పట్టీ ఉంటుంది. దాన్ని కాస్త వదులు చేసి, కొసను ఆ పొర కిందుగా మొదటి గాడిలోంచి పైకి తెచ్చి, మధ్య పుల్ల దాటించి, రెండో గాడిలోంచి కిందికి దించండి. ఇప్పుడు మొత్తం బిగించండి. మిగిలిన కొస, అంటే తోక, రెండు పొరల మధ్య నలిగి ఉండాలి, బయట వేలాడకూడదు. కనీసం నాలుగు సెంటీమీటర్ల తోక మిగలాలి. నాకు ఆ అబ్బాయి ఎక్కించింది ఒక్క గాడిలోంచే. బరువు తగిలినప్పుడల్లా ఒక్కో మిల్లీమీటరు జారుతూ, పాపం, టవర్ మెట్ల దాకా ఓపిక పట్టింది.

ఎక్కించాక దుప్పటి మీద బైనాక్యులర్ పట్టుకుని ఒక్కో వైపు పట్టీని గట్టిగా గుంజి చూడండి. కొస పీచు లేస్తుంటే అగ్గిపుల్ల సెగ చూపిస్తే నైలాన్ కరిగి మూసుకుంటుంది. నేను ఇంకో పని కూడా చేస్తాను. తోకను కింది పొరకు కలిపి సూదీ దారంతో నాలుగు కుట్లు వేస్తాను. పొడవు మార్చాలంటే విప్పాల్సి వస్తుంది, కానీ పొడవు మార్చేది ఎవరు?

పొడవంటే, నిటారుగా నిలబడితే బైనాక్యులర్ రొమ్ము ఎముక చివర దగ్గర ఆగాలి. కళ్ల దగ్గరికి ఎత్తినప్పుడు పట్టీ కాస్త వదులుగా మిగలాలి. బొడ్డు దాకా వదిలితే వంగినప్పుడల్లా ఊగి ఏ గోడకో కొట్టుకుంటుంది.

ఇప్పుడు కేస్

వెడల్పు పట్టీ వేశాక డబ్బాలో వచ్చిన కేస్‌లో పెట్టి చూడండి. మూత పడదు. ఆ కేస్ ఆ సన్న పట్టీకి లెక్కగట్టి కుట్టింది. పట్టీ ముందు తేల్చుకోమన్నది ఇందుకే. పట్టీ విప్పి, కేస్‌లో పెట్టి, బయటికి తీసి మళ్లీ పట్టీ తగిలించుకునేవాళ్లను ఇప్పటిదాకా ఎక్కడా చూడలేదు. మూత పడకపోతే కేస్ ఇంట్లో అల్మారాలో ఉండిపోతుంది, బైనాక్యులర్ పాలిథిన్ కవర్లో ప్రయాణం చేస్తుంది.

ముందు రాసుకున్న కొలతకు చుట్టూ ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్లు కలపండి, ఫోమ్‌కీ చేతి వేళ్లకీ. పట్టీ చుట్టి పెట్టడానికి పైన ఇంకో నాలుగు సెంటీమీటర్లు. బైనాక్యులర్ నిలువుగా, కళ్ల వైపు పైకి ఉండేలా కూర్చోవాలి. చెయ్యి లోపలికి పోయి పట్టుకున్న పట్టుతోనే కళ్ల దగ్గరికి రావాలి. తిప్పి పట్టుకోవాల్సి వస్తే ఆ కేస్ తప్పు.

మూసే పద్ధతి చూడండి. వెల్క్రో అయితే చర్రుమంటుంది. నీటి అంచున నిలబడ్డ కొంగకు పది గజాల దూరంలో ఆ శబ్దం చేసి చూడండి, మీకే తెలుస్తుంది. జిప్పు నిశ్శబ్దం గానీ ఇసుక పడితే బిగుసుకుంటుంది. ప్లాస్టిక్ పళ్లదే తీసుకుని, అప్పుడప్పుడూ కొవ్వొత్తి ముక్క రుద్దండి. నాకు నచ్చింది ఒక్క క్లిప్పుతో పడే మూత.

తోలు కేస్ చూడటానికి జమీందారీగా ఉంటుంది. మన నవంబర్ ముసురుకు వారంలో తెల్లటి బూజు పడుతుంది. చవక రెక్సిన్ రెండేళ్లకు పెచ్చులూడి చేతికి అంటుకుంటుంది. మందమైన నైలాన్ గుడ్డో, కాన్వాసో నయం. బస్సు ప్రయాణాల వాళ్లకు గుల్లలా గట్టిగా ఉండే కేస్ పనికొస్తుంది, కానీ బ్యాగులో సగం జాగా అదే తింటుంది. వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్నది నమ్మకముందు లోపల టిష్యూ పేపర్ పరిచి, మూసి, పైన చెంబెడు నీళ్లు పోయండి. గుడ్డ తట్టుకుంటుంది, కుట్లు కారతాయి. టిష్యూ అంచులు తడిసిన చోటే కుట్టు. అలాంటిదైనా తీసుకోవచ్చు, వానకు పైన ఇంకో ప్లాస్టిక్ కవర్ ఉందనుకుంటే చాలు.

కొలతకు సరిపడా దొరకకపోతే బ్యాగులు కుట్టేవాళ్ల దగ్గరికి పోవడమే మేలు. నేను నెల్లూరు చిన్నబజారు వైపు ఒక కొట్టుకు తీసుకుపోయాను. స్కూలు బ్యాగు జిప్పులు మార్చే కుర్రాడు.

"ఏందన్నా ఇది, కెమెరానా?"

"బైనాక్యులర్స్. పక్షుల్ని చూసేదానికి."

"పక్షుల్ని చూసేదానికి సంచెందుకన్నా?"

"సంచి దారికి అబ్బయా."

బైనాక్యులర్‌ను టేబుల్ మీద నిలబెట్టి, టేపుతో కొలిచి, తలెత్తి అడిగాడు. "మూత ఎటు తెరవాల, మీ వైపా, అవతలికా?"

మూడేళ్లుగా పక్షుల్ని చూస్తున్నాను, ఆ ప్రశ్న నాకు తట్టలేదు. మూత మన వైపుకు తెరుచుకుంటే పొట్టకు ఆని చేతికి అడ్డం పడుతుంది, అవతలికి తెరుచుకుంటే చెయ్యి తిన్నగా లోపలికి పోతుంది. అవతలికే అన్నాను. అడుగున రెండు పొరల ఫోమ్ వేయించాను, కింద పెట్టేటప్పుడు దెబ్బంతా అడుక్కే కాబట్టి. వెనక బెల్టు దూరే లూపులు రెండు, పక్కన అద్దం తుడిచే గుడ్డకు చిన్న జేబు. సామాను కాక కుట్టుకూలి 250 తీసుకున్నాడు.

తేమ సంగతి

ఇల్లు చేరాక బైనాక్యులర్‌ను కేస్‌లో మూసి అల్మారాలో పెట్టడం దాన్ని చేజేతులా పాడుచేసుకోవడమే. చెమటా, వాన చుక్కలూ, ఉప్పు గాలీ అన్నీ ఆ ఫోమ్‌లో ఉంటాయి. చీకటి, తడి దొరికితే అద్దం మీద సాలెగూడులా ఫంగస్ అల్లుకుంటుంది. లోపల నైట్రోజన్ నింపి సీలు చేసిన బైనాక్యులర్‌కు లోపల భయం తక్కువ, కానీ పైఅద్దం పైఅద్దమే.

ముందు నొక్కితే గాలి ఊదే రబ్బరు బుడ్డితో ఇసుక ఊదేయండి. ఇసుక ఉండగా గుడ్డ పెట్టి తుడిస్తే గరుకు కాగితంతో రుద్దినట్టే. తర్వాత తడి గుడ్డతో పైనంతా తుడిచి, పొడి గుడ్డతో ఆరబెట్టండి. బీచ్‌కు పోయి వస్తే పట్టీని, కేస్‌ను మంచినీళ్లలో జాడించి నీడలో ఆరేయండి. కుట్లు వేసినందుకు పట్టీ విప్పడం కుదరకపోతే, బైనాక్యులర్‌ను పక్కన కుర్చీలో కూర్చోబెట్టి పట్టీ మాత్రం తడిగుడ్డతో రెండు మూడుసార్లు తుడిచినా ఉప్పు పోతుంది.

బైనాక్యులర్‌ను గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టుకోండి. నీలం గింజలు తేమ పీల్చి గులాబీ రంగుకు తిరిగితే పనైపోయినట్టు. పాత బాణలిలో సన్న సెగ మీద వేడి చేస్తే మళ్లీ నీలమవుతాయి. ఆ బాణలి మళ్లీ వంటకు వాడొద్దు, ఆ నీలం రంగు కోబాల్ట్‌ది. బియ్యం డబ్బాలో పెడితే తేమ పోతుందని ఎవరో ఒకరు చెప్తారు. తౌడు పోయి అద్దాల సందుల్లో చేరుతుంది, అంతకు మించి జరిగేదేం లేదు. కేస్ మాత్రం మూత తెరిచి గాలికి ఉంచండి.

కొనేముందు ఒక పరీక్ష

బియ్యం దీనికి మాత్రం పనికొస్తుంది. మీ బైనాక్యులర్ బరువెంతో అంత బియ్యం గట్టి కవర్లో కట్టి, కొనాలనుకున్న పట్టీ కొసలకు తగిలించుకుని ఇంట్లో గంట సేపు తిరగండి. మొలగొలుకులే కావాలనేం లేదు, రేషన్ బియ్యమైనా చాలు. వంగి చెప్పులు వేసుకోండి, మెట్లెక్కండి, కూర్చుని లేవండి. మెడ ఎక్కడ లాగుతుందో, కవర్ ఎక్కడ కొట్టుకుంటుందో అక్కడే తెలుస్తుంది. దుకాణంలో రెండు నిమిషాలు అద్దం ముందు నిలబడితే ఏ పట్టీ అయినా బాగానే ఉంటుంది. అరువిచ్చే స్నేహితుడుంటే ఒక ఆదివారం తీసుకుని చూడటం ఇంకా మంచిది.

కేస్ మూత లోపల ఫోన్ నంబర్ ఉంచుకోండి. మార్కర్‌తో రాస్తే రెండు సీజన్లకు చెరిగిపోతుంది. నేను ఆ కుర్రాడి చేతే దారంతో కుట్టించాను. చివరి ఏడును ఒకటిలా కుట్టాడు. పైన పెన్నుతో గీత దిద్దుకుని తిరుగుతున్నాను.